కండెకు చుట్టిన తీగ

నేను ఒక ఇయర్‌ఫోన్ జతని. తెల్లటి తీగ, చివర రెండు రబ్బరు మొగ్గలు, మధ్యలో గింజంత బటను, దాని వెనక మైకు. నన్ను ఒకటిగా లెక్కపెట్టాలో రెండుగా లెక్కపెట్టాలో నాకే తెలియదు. ఇప్పుడైతే ఒకటిన్నర అనుకుంటే సరిపోతుంది, ఎందుకంటే నా కుడి చెవి పనిచేయదు. అది ఎలా పోయిందో చెప్పుకుందామనే ఈ కథ మొదలుపెట్టాను. మధ్యలో నా సంగతి తగ్గి ఇద్దరు ఆడవాళ్ల సంగతి ఎక్కువైతే ఏమీ అనుకోకండి. చెవుల్లో బతికేవాళ్లకి సొంత మాటలు తక్కువ, విన్న మాటలే ఎక్కువ.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల కార్ఖానాలో. నన్ను అట్టపెట్టెలో వదులుగా, గుండ్రంగా చుట్టి పడుకోబెట్టి, పక్కన చిన్న కాగితం పెట్టారు. తీగను గట్టిగా చుట్టవద్దు, ఒకేచోట మడవవద్దు, ఊడదీసేటప్పుడు ప్లగ్గును పట్టుకోండి గాని తీగను పట్టి లాగవద్దు అని అందులో చాలా భాషల్లో రాసి ఉంది. ఆ కాగితాన్ని చదివిన మనిషి లోకంలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. నా కాగితం మాత్రం పెట్టె తెరిచిన రోజే చెత్తబుట్టలోకి పోయింది. మనుషులు ఏదైనా కొనేటప్పుడు చూపించే శ్రద్ధలో సగమైనా దాచుకునేటప్పుడు చూపించరు.

పెట్టె తెరిచింది నసీమా. చీరాలలో ఒక ట్యూషన్ సెంటర్లో పదో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతుంది. మంచి మనిషి, గొంతు కంగుమంటుంది. చేతిసంచి మాత్రం చిన్నసైజు సంత. ఇంటి తాళాలు, సుద్దముక్కలు, పిన్నీసులు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు, వీటన్నిటి మధ్యలో నేను. ఉండచుట్టి పడేసేది. మర్నాడు బస్సులో బయటికి తీస్తే నాతోపాటు దువ్వెన కూడా వేలాడుతూ వచ్చేది. చిక్కు తీయలేక విసుక్కుని రెండు చేతులా పట్టి గుంజేది. పిల్లలకి అంత ఓపిగ్గా లెక్కలు చెప్పే మనిషికి నా దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఏమయ్యేదో. కొన్నాళ్లకి తీగలేని కొత్తరకం కొనుక్కుని నన్ను సొరుగులో పడేసింది. హైమావతి రాకపోతే నేనిప్పటికీ అక్కడే ఉండేదాన్ని.

హైమావతి నసీమాతో కలిసి బడికి వెళ్లిన పిల్ల. చీరాలకి దగ్గర్లోనే నేతవాళ్ల కాలనీలో అత్తగారు సుభద్రమ్మతో ఉంటుంది. భర్త కోటేశు హైదరాబాదులో బట్టల దుకాణంలో పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. ఇంట్లో ఉన్న ఒక్క గుంటమగ్గం మీద కోడలు జరీ అంచు చీరలు నేస్తుంది. అత్త వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. మగ్గం మీద పడుగులోంచి అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి నూలు బిగువుగా చుడితే అది కండె. సుభద్రమ్మ చుట్టిన కండె మగ్గం మీద ఎప్పుడూ చిక్కుపడదని కాలనీలో అందరూ అంటారు. అందరికన్నా ఎక్కువగా ఆవిడే అంటుంది.

ఆవిడ చెప్పుకునే గొప్పల్లో ఇంకొకటి, మా కోడలు పది పాసైంది అన్నది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాట ఆవిడ నోట్లో తమలపాకులా నలుగుతూనే ఉంది. అంతలో చేనేత సొసైటీ వాళ్లు ఆడవాళ్ల మగ్గాలకి నూలు పంచి, నేసిన చీరలు సరిచూసే పనికి పది పాసైన మనిషి కావాలన్నారు. మీటింగులో సుభద్రమ్మ అందరికన్నా ముందు లేచి మా అమ్మాయి ఉంది కదా అనేసింది. ప్రెసిడెంటు సంతోషించి, వేసవి తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి చేరమన్నాడు.

హైమావతి పది తప్పింది. ఆ సంగతి సుభద్రమ్మకి తెలియదు. పెళ్లిచూపుల నాడు హైమ మేనమామ, సంబంధం ఎక్కడ జారిపోతుందోనన్న తొందరలో, పిల్ల పది పాసైందని ఒక మాట వేశాడు. పెళ్లికూతురు పెద్దవాళ్ల మాటకి అడ్డు రాకూడదు కాబట్టి హైమ నేలచూపులు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత నిజం చెప్పడానికి రోజులన్నీ ఉన్నాయి గాని, చెప్పే రోజు మాత్రం రాలేదు. ఇప్పుడు సర్టిఫికెట్ అనేసరికి నసీమా దగ్గరికి పరిగెత్తింది.

నసీమా ముందు తిట్టింది. తిట్టడం అయ్యాక ఓపెన్ స్కూల్ పరీక్షకి పేరు రాయించింది. చదువు ఎలా అన్నదే చిక్కు. పొద్దున లేచింది మొదలు చేతులు మగ్గం మీద, కాళ్లు మగ్గం కింద. పుస్తకం తెరిస్తే అత్తగారు చూస్తుంది. ఖాళీగా ఉన్నవి చెవులు మాత్రమే. అందుకని నసీమా పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి ఫోనుకి పంపడం మొదలుపెట్టింది. మగ్గం చప్పుడులో మామూలుగా ఫోను వినపడదు, చెవిలోకి దూరి బిరడాలా కూర్చునే నాలాంటి వాళ్లే కావాలి. సొరుగులోంచి నన్ను తీసి, దుమ్ము తుడిచి హైమ చేతిలో పెట్టింది. అంతవరకూ బస్సుల్లో పాటలు మోసిన నాకు, ఒక మనిషి పరువు మోసే పని మొదటిసారి దొరికింది. గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

హైమ పాఠం వినే పద్ధతి నాకు బాగా నచ్చింది. నాడె అటు విసిరినప్పుడు ఒక వాక్యం వింటుంది, ఇటు విసిరినప్పుడు పైకి అంటుంది. నసీమా రికార్డులో ప్రశ్న వేసి ఆగితే, ఎదురుగా ఉన్నట్టే జవాబు చెబుతుంది. రాకపోతే నసీమానే తిడుతుంది. చప్పుడులో తన మాట వసారాలోకి వినపడదని ధైర్యం. వసారాలో సుభద్రమ్మ, కోడలు పాటలు వింటోందనుకుని, పనిలో హుషారుగా ఉందిలే అని మురిసిపోయేది.

సాయంత్రం మగ్గం దిగగానే హైమ నన్ను చెవుల్లోంచి పీకి, ఫోనుతోపాటు గూట్లో పెట్టి వంటింట్లోకి పోయేది. నేను గూట్లోంచి కిందికి వేలాడుతూ నాలో నేనే మెలికలు తిరిగి ఉండేదాన్ని. సుభద్రమ్మ కళ్లబడ్డాను. చిక్కుపడ్డ దారాన్ని చూస్తే ఆవిడకి అన్నం సయించదు. నన్ను తీసుకుని, మెలికలన్నీ విప్పి, ఒక ఖాళీ కండె గొట్టం తెచ్చి, వేలితో బిగువు పట్టి వరసగా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడకుండా చుట్టేసింది. చివర ప్లగ్గుని చుట్ల కిందికి దూర్చి బిగించింది. చూడ్డానికి నేనెప్పుడూ అంత అందంగా లేను. నసీమా సంచిలో నలిగిన దాన్ని కదా, నాకొక మనిషి దొరికిందని పొంగిపోయాను.

అలా రోజూ చుట్టింది. ఆవిడ మొదలుపెట్టే చోటు రోజూ అదే, బటను పక్కన. అక్కడ తీగను వంచి, గొట్టానికి నొక్కి, గట్టిగా లాగి మొదటి చుట్టు వేస్తుంది. నూలయితే ఎంత బిగిస్తే అంత బాగా నడుస్తుంది. నాకు మాత్రం ఆ మలుపు దగ్గర లోపల ఒక్కొక్క తీగే పుటుక్కుమనడం తెలుస్తూ ఉంది. చెబుదామంటే నాకు నోరులేదు, మైకు ఉన్నా అది ఇతరుల మాటలకే. ప్రేమగా చేసే పనిలో జరిగే హాని ఎవరికీ కనపడదని నాకు అప్పుడే అర్థమైంది.

పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఉదయం సుభద్రమ్మ నూలు తేవడానికి సొసైటీకి వెళ్లింది. కాసేపటికి హైమ ఆవిడకి ఫోను చేసి, కుంకుమ రంగు కూడా తెమ్మని చెప్పి, నన్ను చెవుల్లో పెట్టుకుని మగ్గం ఎక్కింది. గుండె పాఠం నడుస్తోంది. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో చెప్పమని నసీమా అడిగింది. హైమ చెప్పింది, తప్పు. మళ్లీ చెప్పింది, మళ్లీ తప్పు. మగ్గం ఆపేసింది. అదే సమయానికి బటను పక్కన నా లోపల తెగిన తీగలు రెండు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఎవరో బటను నొక్కి పట్టుకున్నారని ఫోను భ్రమపడింది. పాఠం ఆగిపోయి, చివరగా మాట్లాడిన నంబరుకి, అంటే అత్తగారికి, ఫోను వెళ్లిపోయింది. గంట మోగడం కూడా నా రెండు మొగ్గల్లోనూ గరగరగా పోయింది. పాఠం ఆగింది కూడా హైమ గమనించలేదు, ఆ పిల్ల ఏడుపు ఆపుకునే పనిలో ఉంది.

"నా వల్ల కాదే నసీమా," అంది గాలిలోకి. "పాసైందని మా మామయ్య అబద్ధం చెబితే నేను నోరు మూసుకు కూర్చున్నాను. అత్తయ్య అది నమ్మి ఊరంతా చెప్పుకుంది. ఈ పరీక్ష కూడా పోతే నేను ఆవిడ ముఖం ఎలా చూడను? నా సంగతి పోనీ, ఆవిడ పరువు పోతుంది."

ఆ మాటలన్నీ నా మైకులోంచే వెళ్లాయి. అవతల సుభద్రమ్మ ఊపిరి వినపడింది నాకు. ఒక్కసారి అమ్మాయ్ అనబోయి ఆగినట్టనిపించింది. నాకే గనక చేతులుంటే ఆ ప్లగ్గు నేనే ఊడబెరుక్కునేదాన్ని.

సుభద్రమ్మ ఇంటికొచ్చింది. కుంకుమ రంగు నూలు తేవడం మర్చిపోయింది. ఎందుకు తేలేదని హైమ అడగబోతూ ఫోను చూసుకుంది. అత్తయ్యకి వెళ్లిన ఫోను, అది నడిచిన సేపు, అన్నీ అందులో కనపడుతున్నాయి. అత్తకి తెలుసని కోడలికి తెలుసు, కోడలికి తెలుసని అత్తకి తెలియదు. రెండు మూడు రోజులు ఆ ఇంట్లో అన్నం తిన్నావా, దీపం పెట్టావా తప్ప వేరే మాట లేదు. రాట్నం మాత్రం ఎప్పుడూ లేనంత కోపంగా తిరిగింది. సాయంత్రాలు నన్నెవరూ చుట్టలేదు. గూట్లోంచి వేలాడుతూ, ఆ బిగువు తప్పినందుకు సంతోషించాలో ఆ చెయ్యి తాకనందుకు బాధపడాలో తెలియక ఊరుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో నా కుడి చెవి పూర్తిగా పోయింది. హైమ తీగను అటూ ఇటూ వంచి చూసింది, ఊదింది, చీర చెంగుతో తుడిచింది. ఇక లాభం లేదనుకుని నన్ను మగ్గం పక్కన పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. వసారాలో రాట్నం ఆగింది. సుభద్రమ్మ వచ్చి నన్ను తీసుకెళ్లి వెలుగులో కూర్చుంది. కళ్లజోడు సర్దుకుని బటను పక్కన పగిలిన రబ్బరుని గోటితో నెమ్మదిగా ఒలిచింది. లోపల నా గుట్టు బయటపడింది. మధ్యలో బలానికి పెట్టిన దారపు పోగు, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగలు, కొన్ని ఎరుపు, కొన్ని బంగారు రంగు. ఆవిడ చాలాసేపు చూసింది.

"హైమా, ఇట్రా."

హైమ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇది నూలనుకున్నానే. నూలు లాగే బిగించి చుట్టాను. చూడు, పోగు మీద రాగి. ఇది జరీ జాతిది. జరీ చీరని ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే చిట్లిపోదూ? నేను రోజూ అదేచోట మడిచాను. నీ తీగ తెంపింది నేనే."

పోనివ్వండి అత్తయ్యా అని హైమ ఏదో అనబోయింది. సుభద్రమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆ రోజు ఫోనులో నువ్వన్నదంతా విన్నాను."

"తెలుసత్తయ్యా."

"అబద్ధం ఆడింది మీ మామయ్య. ఇన్నేళ్లూ మోసింది నువ్వు. ఇల్లిల్లూ తిరిగి పంచింది నేను. ఇందులో నిన్నొక్కదాన్నే ఏమని తిట్టమంటావు? అలాగని కోపం లేదనుకోకు. చాలా ఉంది. ఒక్కసారి నాతో చెప్పి ఉండాల్సింది."

మీరు అంత సంతోషంగా చెప్పుకుంటుంటే నోరు రాలేదంది హైమ. సుభద్రమ్మ నా ఎడమ మొగ్గని రెండు వేళ్లతో పట్టుకుని తన చెవి దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. ఇదింకా పలుకుతుందా, ఆ నసీమా ఏం చెబుతోందో నాకూ పెట్టు, అంది.

మర్నాడు ఆవిడ సొసైటీకి వెళ్లింది. అక్కడ జరిగింది నేను చూడలేదు, తిరిగొచ్చాక రాట్నం తిప్పుతూ ఆవిడే చెప్పింది. ప్రెసిడెంటు ఎదురుగా, నలుగురూ ఉండగానే, మా అమ్మాయి పది పాసు కాలేదు, నేను తెలియక చెప్పాను, మీకు తొందరైతే వేరేవాళ్లని చూసుకోండి, లేదంటే ఫలితాలు వచ్చేదాకా ఆగండి అందట. వెనకాల ఎవరో నవ్వారట. నవ్వినవాళ్ల ఇంట్లో పది దాకా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆవిడ వెనక్కి తిరిగి అడిగిందట. ప్రెసిడెంటు ఆగుతానన్నాడు. పరువు కోసం ప్రాణం పెట్టే మనిషి దాన్ని తన చేతులతోనే తీసి పక్కన పెట్టి వచ్చింది. నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది ఆ రోజే.

అప్పట్నించి చదువు పద్ధతి మారింది. నా పనిచేసే చెవి రాట్నం దగ్గర సుభద్రమ్మ చెవిలో ఉంటుంది. ఆవిడ పాఠం విని, నసీమా వేసిన ప్రశ్నని గొంతెత్తి మగ్గంలోకి అరుస్తుంది. హైమ అక్కడినుంచి జవాబు అరుస్తుంది. తప్పయితే రాట్నం ఆగిపోతుంది, సరిగ్గా చెప్పేదాకా కండె రాదు. కండె రాకపోతే మగ్గం నడవదు. గుండెకి నాలుగు గదులని విన్నప్పుడు, మన ఇంటికే రెండు గదులు గదే అని సుభద్రమ్మ ఆశ్చర్యపోయింది. ఆ రోజు తర్వాత హైమ ఆ పాఠం తప్పలేదు. వీధిలో పోయేవాళ్లు ఈ అరుపులు విని అత్తాకోడళ్లకి పడటం లేదనుకున్నారు.

నన్ను దాచే పద్ధతి కూడా మారింది. సుభద్రమ్మ ఇప్పుడు ప్లగ్గు పట్టుకుని ఊడదీస్తుంది, తీగ పట్టుకుని లాగదు. నాలుగు వేళ్ల మీద వదులుగా వలయాలు వేసి, బిగించకుండా, ముడి వేయకుండా తీస్తుంది. ఒకరోజు ప్లగ్గు వైపునుంచి మొదలుపెడితే ఇంకోరోజు మొగ్గల వైపునుంచి, జరీ చీరకి మడత మార్చినట్టు. మెత్తటి పాత మల్లు గుడ్డలో పెట్టి, బరువేదీ పడని చోట గూట్లో ఉంచుతుంది. చెత్తబుట్టలో పడ్డ నా కాగితంలో ఉన్నది కూడా ఇంతే. ఆవిడ కాగితం చదవలేదు, తెగిన తీగని చదివింది.

పాసైందా లేదా అని మీకు ఆత్రంగా ఉంటుంది, చెప్పేస్తాను. పాసైంది. లెక్కల్లో అంతంతమాత్రం, సైన్సులో నసీమా కూడా నమ్మలేనన్ని మార్కులు. సొసైటీలో చేరింది కూడా. కానీ నా మనసులో నిలిచిపోయింది ఫలితం వచ్చిన రోజు కాదు, సైన్సు పరీక్ష రోజు.

ఆ రోజు హైమతోపాటు సుభద్రమ్మ కూడా బయల్దేరింది. దారిపొడవునా ఆటోలో నా ఎడమ చెవితో ప్రశ్నలు అడుగుతూనే ఉంది. బడి గేటు దగ్గర పోలీసాయన ఫోను, ఇయర్‌ఫోన్ లాంటివి లోపలికి వీల్లేదన్నాడు. అంత పాఠం మోసి చివరికి గేటు బయట నిలబడాల్సొచ్చిందని నాకు ఉక్రోషం వచ్చింది. సుభద్రమ్మ నన్ను వదులుగా చుట్టి, మల్లు గుడ్డలో పెట్టి, గుప్పిట్లో పట్టుకుని గోడ నీడలో నిలబడింది.

అది ఓపెన్ స్కూల్ పరీక్ష. లోపల రాస్తున్నవాళ్లంతా ఎప్పుడో ఒకసారి తప్పినవాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. బయట వాళ్ల కోసం వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఏదో పనిమీద అటుగా వచ్చి ఆగినట్టు నిలబడ్డారు. పక్కన ఉన్న ఒకావిడ కాసేపటికి ఊరుకోలేక, మీ మనవరాలు రాస్తోందా అని సుభద్రమ్మని మెల్లగా అడిగింది.

"కోడలు," అంది సుభద్రమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "పది తప్పింది. మళ్లీ రాస్తోంది."

ఎన్నో ఏళ్లపాటు పాసైంది అని చెప్పుకున్న గొంతే అది, అంతే గొప్పగా చెప్పింది. చుట్టుపక్కల తలలు తిరిగాయి. ఆ పక్కావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా ఆయనండీ, పిల్లలకి కూడా చెప్పకుండా వచ్చాం అంది. సుభద్రమ్మ నవ్వింది. ఆవిడా నవ్వింది. అవతల నిలబడ్డ ఒక పెద్దాయన దగ్గరికొచ్చి తన చెల్లెలి సంగతి చెప్పాడు. ఇంకొకరు వచ్చారు. గోడ నీడలో చిన్న గుంపు తయారైంది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ సుభద్రమ్మ మొదటినుంచీ చెప్పింది, తను తీగ తెంపిన సంగతి కూడా దాచలేదు.

గంట కొట్టారు. హైమ బయటికొచ్చి అత్తగారి కోసం వెతికి, గుంపు వెనక్కి వచ్చి నిలబడింది. ఆ సమయానికి సుభద్రమ్మ ఇంకెవరికో చెబుతోంది, మా కోడలు పది తప్పింది, మళ్లీ రాస్తోంది అని. తను పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ మాట ఎవరి నోట వినకూడదని భయపడిందో, ఆ మాటని హైమ ఆ నోటే విన్నది. అక్కడే నిలబడి కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చింది.

సుభద్రమ్మ వెనక్కి తిరిగి చూసి కంగారుపడింది. "ఏమే, పేపరు కష్టంగా వచ్చిందా?"

"లేదత్తయ్యా. అన్నీ రాశాను."

"మరి ఏడుపెందుకు?" అని సుభద్రమ్మ నన్ను పట్టుకున్న చేత్తోనే, ఆ మల్లు గుడ్డతోనే, కోడలి కళ్లు తుడిచింది.